రెండు డబ్బాల పంపకం

రేగొండలో బాపు పోయిన తర్వాత పంపకాలకు కూర్చున్న పెద్దమనుషులు భూమి పంచారు, బోరు పంచారు, ట్రాక్టరుకు వంతులు వేశారు. చివరికి గదిలో మూల ఉన్న పాటల సెట్టు దగ్గరికి వచ్చారు. స్పీకరు డబ్బాలు రెండు, కొడుకులు ఇద్దరు. పెద్దవాడు గోవర్ధన్‌కు ఒకటి, చిన్నవాడు సంజీవకు ఒకటి అని తేల్చేశారు. గడప దగ్గర నిలబడ్డ కూతురు నిర్మల, అవి రెండూ జత అనీ, విడదీస్తే దేనికీ కొరగావనీ చెప్పింది. ఒక పెద్దమనిషి తల తిప్పి చూశాడు.

"ఎడ్ల జతనే ఇడగొట్టినం బిడ్డా. డబ్బాల జతెంత?"

అందరూ నవ్వారు. అన్నదమ్ములిద్దరూ నవ్వారు. నిర్మల మిగతావన్నీ మరిచిపోగలిగింది గానీ ఆ నవ్వును మరిచిపోలేదు. భూమి దగ్గర ఆమె నోరెత్తలేదు. ఆడబిడ్డ సంతకం కావాలన్నారు, పెట్టింది. చీర పెట్టారు, తీసుకుంది. నోరు తెరిచి అడిగింది ఆ సెట్టు ఒక్కటే. ఆ అడగడం కూడా ఎవరి చెవిన పడలేదు.

డబ్బాలు పోగా ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు మిగిలాయి. అవి పలకడం మానేసి చాలా కాలమైంది కాబట్టి ఎవరూ వాటిని ఆస్తి అనుకోలేదు. నిర్మల వాటిని పాత దుప్పటిలో మూటగట్టి, రికార్డుల పెట్టెను నెత్తిన పెట్టుకుని, బస్సెక్కి జనగామలో తన ఇంటికి తెచ్చుకుంది. పోతుంటే వదినె భాగ్య వెనక నుంచి అన్న మాట కూడా ఆమెకు వినిపించింది. మొగడు లేని ఇంట్ల పాటలెందుకట.

మిరప బాగా పండిన ఏడు బాపు ఆ సెట్టును హైదరాబాదు నుంచి తెచ్చాడు. గోవర్ధన్‌కు అది మోత కోసం కావాలి. సంజీవకు దాని మీద మెరిసే బిళ్లలు కావాలి. బాపుకు మాత్రం పాట కావాలి. ఆయన డబ్బాలను గోడకు కాస్త ఎడంగా జరిపి, కొలిచినట్టు చూసి, నిర్మలను చాప మీద నడుమ కూర్చోబెట్టేవాడు. కళ్లు మూసుకోమనేవాడు. అప్పుడు పాడే మనిషి గొంతు కుడి డబ్బాలో నుంచీ రాదు, ఎడమ డబ్బాలో నుంచీ రాదు. రెంటికీ నడుమ, ఏమీ లేని చోట, మనిషి వచ్చి నిలబడి పాడుతున్నట్టు వచ్చేది. చిన్నప్పుడు ఆమె లేచి వెళ్లి ఆ ఖాళీలో చెయ్యి పెట్టి తడిమింది. బాపు నవ్వాడు. ఆ నవ్వు వేరు.

ఆ గొంతును మళ్లీ ఆ ఖాళీలో నిలబెట్టాలి. నిర్మలకు కావలసింది అంతే. దానికి రెండు డబ్బాలూ కావాలి. ఒకటి రేగొండలో అన్న దగ్గర ఉంది, ఒకటి మానుకోటలో తమ్ముడి దగ్గర ఉంది.

భర్త లేని ఇల్లు మరీ ఖాళీగా తోచి ఒకనాడు ఆమె మూట విప్పింది. ఫోనులో వీడియోలు చూసింది, ఆపి ఆపి చూసింది. ప్లేయరు తిప్పే రబ్బరు బెల్టు జిగట బంకలా కరిగి ఉంటే గుడ్డతో తుడిచి కొత్తది వేసింది. రికార్డు మీద నడిచే ముల్లు మార్చింది. ఆంప్లిఫయరు లోపల ఉబ్బిపోయిన కెపాసిటర్లు తీసేసి కొత్తవి పెట్టి టంకం వేసింది. మొదట్లో వేళ్లు కాలాయి. తర్వాత చెయ్యి కుదురుకుంది. మెల్లగా ఊళ్లో వాళ్లు అటకల మీది పాత రేడియోలు, టేపురికార్డర్లు తెచ్చి ఇవ్వసాగారు. బాగుచేసి పాడించి పంపేది. పొద్దుపోవడానికని మొదలుపెట్టింది, తర్వాత అదే లేకపోతే పొద్దుపోనంతగా మారింది. బాపు సెట్టుకు మాత్రం ఎవరి డబ్బాలూ తగిలించలేదు. అవే రావాలి.

అన్నను అడిగింది. నా వాటా అది, నీకెట్ల ఇస్తనన్నాడు. తమ్ముణ్ణి అడిగింది. అన్న ఇస్తే నేనూ ఇస్తనన్నాడు. అన్నకు ఆ మాట చెబితే, ముందు వాణ్ణి ఇయ్యుమను అన్నాడు. ఇలా కొన్నేళ్లు ఆమెను తిప్పారు. ఇంతా చేసి ఆ డబ్బాలు వాళ్లకు ఎందుకూ పనికిరావడం లేదు. గోవర్ధన్ తన డబ్బాను వినాయకుడి మండపంలో డీజే మిషనుకు తగిలించాడు. అందులో సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు కాలిపోయింది. అప్పటి నుంచి అది గోనెసంచిలో నుంచి మాట్లాడినట్టు దబదబమంటుంది. సంజీవ డబ్బాలో పెద్ద స్పీకరు అంచున ఉండే స్పాంజి పొడిపొడిగా రాలిపోయింది. అది కీచుమంటుంది తప్ప మోత లేదు.

ఇందులో నిర్మలకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటి ఉంది. తన డబ్బా పలకకపోవడానికి కారణం పంపకంలో మోసమేనని ఇద్దరూ నమ్మారు. మంచిది వాడు కొట్టేసిండు అని గోవర్ధన్, మంచిది అన్న ముందే దాచిపెట్టుకున్నడు అని సంజీవ. ఈ మాట మీద ఒకరి ఇంటి శుభకార్యానికి ఒకరు పోవడం మానేశారు. చుట్టాల్లో కలిసినప్పుడు ఇద్దరూ ఆమెను పక్కకు పిలిచి ఈ గోడే చెప్పుకునేవాళ్లు. ఆమె గోడు ఏమిటని ఒక్కరూ అడగలేదు.

ఒకనాడు ఆమె ఫోను తీసి ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. రెండు డబ్బాలూ నా దగ్గరికి పంపండి, విప్పి చూసి ఏది మంచిదో, ఎవరు మోసపోయారో తేల్చి చెబుతాను అంది.

ఏళ్ల తరబడి అడిగితే కదలని డబ్బాలు వెంటనే కదిలాయి. సంజీవ మానుకోటలో రైలెక్కి, డబ్బాను కాళ్ల నడుమ పెట్టుకుని తనే తెచ్చాడు. గోవర్ధన్ కారులో డ్రైవరుతో పంపించాడు. వాటిని చూశాక నిర్మలకు వాళ్లను ఇంటికి పిలిచి కొట్టాలనిపించింది.

గోవర్ధన్ డబ్బా మీద కోళ్లు పడుకున్న మరకలున్నాయి. వెనక రంధ్రంలో నుంచి ఊక, ఈకలు, ఎండిన చీమల మట్టి రాలాయి. పక్కన టేకు చెక్క మీద ఎర్ర పెయింటుతో పెద్ద అక్షరాల్లో అతని పేరు రాసి ఉంది. పెళ్లికి ఇచ్చిన బిందె మీద కూడా అంత పెద్దగా రాయరు. సంజీవ తన డబ్బాకు చుట్టూ తెల్ల సన్మైకా అంటించాడు. హాల్లో సోఫాకు కలిసేలా అంట. పైన పూలకుండీ నీళ్లు కారి గుండ్రటి మచ్చ కట్టింది. బాపు వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడిచిన చెక్క అది.

ముందు స్పాంజి అంచు అంటించే పని పెట్టుకుంది. మొదటిసారి కోపంలోనే కూర్చుంది. చెయ్యి బరువుగా పడి కోను పక్కకు ఒరిగింది, ఆరాక పలికిస్తే గరగర రుద్దుకుంది. మొత్తం పీకి, జిగురు గీకి, కొత్త అంచు తెప్పించి మళ్లీ చేయాల్సి వచ్చింది. ఊపిరి బిగబట్టి, చుట్టూ సమంగా వేళ్లతో అదిమే పని అది, కోపంతో చేసేది కాదు. కాలిన చిన్న స్పీకరుకు జోడు వెతికి తెప్పించడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

చెక్క గీకే పనికి మాత్రం కోపం బాగా పనికొచ్చింది. అన్న పేరును గీకింది. గో పోయింది, వ పోయింది. గీకిన కొద్దీ పంపకాల నాటి నవ్వులన్నీ బయటికి వస్తున్నట్టు ఆమె పళ్లు కొరుకుతూ గీకింది. తమ్ముడి సన్మైకాను వేడి చేసి ఊడబెరికింది. గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి, రెంటినీ ఎండ తగలని చోట ఆరబెట్టింది. లోపలి టేకు మళ్లీ తేనె రంగుకు వచ్చింది. రెండూ పక్కపక్కన పెడితే కవలలు.

బాపు పెట్టినట్టే గోడకు ఎడంగా పెట్టి, తీగలు కలిపి, నడుమ చాప వేసుకుని కూర్చుంది. రికార్డు తిరిగింది. పాట వచ్చింది కానీ గొంతు నడుమకు రాలేదు. గదంతా చెదిరిపోయి, ఎక్కడుందో తెలియకుండా ఉంది. మద్దెల దెబ్బ గుల్లగా ఉంది. ఆమె లేచి డబ్బాలు జరిపింది, మళ్లీ జరిపింది. చివరికి విప్పి చూస్తే సంజీవ పిలిపించిన మెకానిక్కెవరో లోపల ఎర్ర తీగ నల్లదాని చోట, నల్లది ఎర్రదాని చోట కలిపాడు. ఒక స్పీకరు ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. ఒంటరిగా ఉన్నన్నాళ్లూ ఆ తప్పు బయటపడలేదు. తీగలు మార్చి కూర్చుంది. ముల్లు దించింది.

గొంతు వచ్చి నడుమ నిలబడింది.

ఆమె కళ్లు మూసుకోలేదు. ఆ ఖాళీనే చూస్తూ రికార్డు అయిపోయేదాకా కూర్చుంది.

తీర్పు చెబుతానని ఆదివారం మధ్యాహ్నం ఇద్దరినీ పిలిచింది. ఇద్దరూ వచ్చారు. ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా చెరో కుర్చీలో కూర్చున్నారు. నిర్మల పాట పెట్టింది. కాసేపటికి సంజీవ తల వంచుకున్నాడు. గోవర్ధన్ కాలు ఊపడం ఆపాడు. బాపు గది వాళ్లకూ గుర్తొచ్చినట్టుంది. ఆ కాసేపు ఆమె మనసు మెత్తబడింది. వీళ్లలో ఒకడైనా ఇవి నీ దగ్గరే ఉండనీ అంటాడేమోనని ఆగి చూసింది.

ముందుగా గోవర్ధన్ నోరు తెరిచాడు.

"మంచిగనే పలుకుతున్నయి. గిప్పుడు చెప్పు, రెండిట్ల ఏది మంచిది?"

రెండూ ఒకటేనని, ఒకదాన్ని ఒకరు కాల్చారని, ఇంకొకదాన్ని ఇంకొకరు కుళ్లబెట్టారని, మోసం ఎవరూ చేయలేదని నిర్మల చెప్పింది. సంజీవ గొంతు సవరించుకున్నాడు. అయితే అక్కా, నాది నేను పట్టుకపోతా, సాయంత్రం రైలుంది అన్నాడు. నాది కారుల పెట్టిస్తా అని గోవర్ధన్ లేచాడు.

నిర్మల కుర్చీలో నుంచి కదలలేదు.

"పట్టుకపోండ్రి. ఎవరిది వాళ్లు తీసుకోండ్రి."

ఇద్దరూ డబ్బాల దగ్గరికి వెళ్లారు. గోవర్ధన్ కుడి డబ్బా పక్కన వంగి పెయింటు కోసం వెతికాడు. లేదు. ఎడమదాన్ని తిప్పి చూశాడు. లేదు. సంజీవ చేత్తో చెక్క తడిమాడు. సన్మైకా అంటించిన గుర్తు ఎక్కడా తగల్లేదు.

"నా పేరేదే?" అన్నాడు గోవర్ధన్.

"గీకేసిన."

"గీకుతవా? ఏది నాదో ఎట్ల తెలుస్తది?"

"నీ వాటానంటివి గదా అన్నా. ఇన్నేండ్లు ఇంట్ల పెట్టుకున్నవు. మొకం జూస్తే గుర్తువట్టవా?"

అన్న ముఖం ఎర్రబడింది. తమ్ముడు అక్కను బతిమాలాడు. నీకు తెలుసు గదక్కా, చెప్పరాదే అన్నాడు. ఆమెకు తెలుసు. కుడిదాని లోపల చీమల మట్టి మరక ఒకటి ఎంత గీకినా పోలేదు. తెల్వదని చెప్పింది. ఏదో ఒకటి తీసుకుందామని సంజీవ అంటే, నువ్వు మంచిది చూసి ఎత్తుకపోతే అని గోవర్ధన్ అడ్డుపడ్డాడు. రెండూ ఒకటేనని ఆమె ఇప్పుడే చెప్పింది. ఆ మాటా ఎవరి చెవిన పడలేదు. పెద్దమనుషులను పిలుద్దామా అన్నాడొకడు. ఈ మాట చెబితే నవ్వుతరు అన్నాడు ఇంకొకడు.

"అప్పుడు నవ్వంగ లేంది, ఇప్పుడేంది?" అంది నిర్మల.

గోవర్ధన్ ఆమె మీదికి తిరిగాడు. ఆడబిడ్డకు వాటా లేదని, తను అప్పుడే సంతకం పెట్టిందని గుర్తుచేశాడు.

నిర్మల లేచింది. గొంతు పెంచలేదు.

"భూమికి పెట్టిన సంతకం. బాపు పాటకు పెట్టలె. ఏది ఎవరిదో మీరిద్దరు ఒక్క మాట మీదికి వచ్చిన్నాడు రాండ్రి. ఇద్దరు కలిసి రావాలె. ఒక్కడొస్తే తలుపు తియ్య."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎన్నేళ్ల తర్వాతో చూసుకున్నారు, అయినా మాట కలవలేదు. ఆమె రికార్డు తిప్పి రెండో వైపు పెట్టింది. ముల్లు దించి వచ్చి చాప మీద నడుమ కూర్చుంది. అన్నదమ్ములు కుడి డబ్బా ముందు ఒకరు, ఎడమ డబ్బా ముందు ఒకరు, ఎత్తాలా వద్దా అన్నట్టు చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. పాట మొదలైంది. గొంతు నడుమకు రాకుండా వాళ్ల కాళ్ల వెనకే ఆగిపోయింది.

"పక్కకు జరుగుండ్రి," అంది నిర్మల. "అడ్డమొస్తున్నరు."