మా పడకగదిలో ఎన్నికల సభ

మా ఆయన ఓరిన్ థేయర్ ఊరి తరఫున వెర్మాంట్ శాసనసభకు వెళ్లడం మొదలుపెట్టాక ఆయన మీద ఎవరూ పోటీకి రాలేదు. మా రాష్ట్రంలో ఎంత చిన్న ఊరైనా సభకు ఒక మనిషిని పంపుకోవచ్చు. మా ఊళ్లో మనుషులకన్నా ఆవులే ఎక్కువ. అలాంటిచోట పోటీ అంటే పక్కింటివాళ్లతో తగువు పెట్టుకోవడమే.

అందుకే 1954 వేసవిలో, వాగు అవతల ఉండే డీలియా ప్రౌటీ మా వంటింట్లోకి వచ్చి, కూర్చోకుండానే, "ఓరిన్ గారూ, ఈసారి నేనూ నిలబడుతున్నాను. మీరు ఇంకొకరి నోట వినేకంటే నేనే చెబుదామని వచ్చాను" అనేసరికి నా చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది.

భర్త పోయాక డీలియా ఒంటిచేత్తో పాడి నడుపుకొస్తోంది. ఆమెను నిలబెట్టింది కొండమీది కుటుంబాలు. మంచు కరిగే రోజుల్లో కొండదారి బురదగుంట అయిపోయేది. పాలలారీ ఎక్కలేకపోయేది, వాళ్లు పాలు పారబోసుకునేవారు. ఆ దారికి రావలసిన డబ్బు పట్నం రహదారికి మళ్లించే బిల్లుకు మా ఆయన చెయ్యెత్తి వచ్చాడు.

ఆయన నవ్వాడు. "నిలబడు, ఎవరొద్దన్నారు? కానీ జనవరి నుంచి సభ. నువ్వు రాజధానిలో, ఆ మాంట్‌పీలియర్లో కూర్చుంటే నీ ఆవుల పాలెవరు పితుకుతారు?"

"ఆ సంగతి నేను చూసుకుంటాను లెండి."

ఆ ప్రశ్నే ఆయన దుకాణం దగ్గరా, చర్చి మెట్ల మీదా అడిగాడు. జనం నవ్వేవారు.

అక్టోబరులో ఆపిల్ పళ్లు కోస్తూ నిచ్చెన మీదినుంచి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. డాక్టరు కట్టు వేసి మంచం దిగొద్దన్నాడు. మర్నాడు తెల్లవారకముందే నేను కొట్టంలోకి వెళ్తే డీలియా అప్పటికే పీట వేసుకుని పాలు పితుకుతోంది.

"మరి మీ ఆవులో?" అన్నాను.

"అయిపోయాయి. నువ్వు ఆ చివరినుంచి రా, లొవీనక్కా."

ఆ సంగతి విని మా ఆయన ఆమెను లోపలికి పిలిపించి మొహం మీదే అడిగాడు, "ఇదంతా ఓట్ల కోసమేనా?"

"మీ ఆవులకు ఓట్లు లేవుగా" అని డీలియా బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

ఎన్నికకు ముందు శనివారం మధ్యాహ్నం రైతుసంఘం హాల్లో ఇద్దరూ మాట్లాడాలి. ఈయన కదల్లేడు కదా, ఆమె ఒక్కతే మాట్లాడుతుందనుకున్నాం. నేను ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన ‘పై’ రొట్టె కోస్తుంటే కిటికీలోంచి బండ్ల వరస కనిపించింది. డీలియా హాల్లో లేచి, "మనిషి లేనప్పుడు మాట్లాడితే చాడీలు చెప్పినట్టుంటుంది. పదండి, ఆయన దగ్గరికే పోదాం" అందట.

పట్టినంతమంది పడకగదిలో, మిగతావాళ్లు వంటింట్లో, మెట్ల మీద. మా ఆయన గడ్డం మాసి ఉంది. "దువ్వెనైనా ఇవ్వవే" అన్నాడు నాతో.

మాటల మధ్య అలవాటుకొద్దీ పాత ప్రశ్నే ఎత్తాడు. "సభ రోజుల్లో ఈవిడ ఆవుల పాలెవరు..."

గుమ్మంలోంచి మా పక్క పొలం ఏమస్ బ్లాజెట్ అందుకున్నాడు. "అది సరే ఓరిన్, ఇవాళ పొద్దున నీ ఆవుల పాలెవరు పితికారు?"

గది గొల్లుమంది. మా ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత ఆయనా నవ్వేశాడు. "కాలు విరిగినవాణ్ణి, కాస్త మెల్లగా కొట్టొచ్చుగా."

డీలియా మాత్రం నవ్వలేదు. "నేనొకటి అడుగుతాను. బురద రోజుల్లో ఎప్పుడైనా కొండదారి ఎక్కారా?"

ఎక్కాననొచ్చు. కాదనేవాళ్లు ఎవరూ లేరు. ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"లేదు. ఎండాకాలంలో వచ్చాను. బాగానే ఉందనిపించింది."

"అందుకే చెయ్యెత్తారు."

"అందుకే ఎత్తాను."

నేను లేచి అందరికీ ఆపిల్ పై ముక్కలు పెట్టాను.

అందరూ వెళ్లాక అడిగాడు, "నువ్వెవరికి వేస్తావు?"

"డీలియాకు."

"మొహం మీదే చెప్పాలా?"

"అడిగారు కాబట్టి చెప్పాను."

"పాలు పితికిందనా?"

"కాదు. మీరే ఒప్పుకున్నారుగా, దారి చూడకుండా చెయ్యెత్తానని. ఆమె రోజూ చూస్తోంది."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలాసేపటికి, "ఆ ఆపిల్ పై ఒక్క ముక్కయినా మిగిలిందా?" అన్నాడు.

ఎన్నిక రోజు ఏమస్‌వాళ్లు ఆయన్ను కుర్చీతో సహా బండిలోకి ఎత్తారు. హాలు తలుపు డీలియాయే పట్టుకుని నిలబడింది. ఆమే గెలిచింది. కొండమీదివాళ్లే కాదు, కిందివాళ్లూ చాలామంది ఆమెకే వేశారు.

ఆయన కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. మాంట్‌పీలియర్ అంటే ఆయనకు ప్రాణం. అక్కడ పేరుపెట్టి పలకరించే మనుషులుండేవారు. ఆ బాధ నాకు తెలుసు, కదిలించలేదు. క్రిస్మస్ ముందు తనే డీలియాను పిలిపించాడు. సభలో ఏ కమిటీలో చోటు అడగాలో, ఎవరు తలూపినా నమ్మకూడదో అంతా చెప్పాడు. శీతకాలమంతా ఆమె ఆవులను కొండమీదివాళ్లు వంతులవారీగా చూసుకున్నారు.

మొదటి సభలో కొండదారికి డబ్బు కోసం ఆమె పెట్టిన బిల్లు వీగిపోయింది. మళ్లీ గెలిచి, మళ్లీ పెట్టింది. అప్పుడు దారికి కంకర పడింది.

ఆ తర్వాతి వసంతంలో మంచు కరుగుతుండగా ఆయన నన్ను బండిలో కొండమీదికి తీసుకెళ్లాడు. సగం దూరంలో ఆపి, దిగి, కర్రతో కంకరను పొడిచి చూశాడు.

"మలుపు దగ్గర పల్చగా వేశారు" అన్నాడు. "శుక్రవారం డీలియా మనింటికి వస్తుందిగా, ఆమెకు చెప్పాలి."