నొప్పి లేని గడ్డ

దుప్పటిని చెరో కొసా పట్టుకుని పిండుతుండగా చిన్నకోడలు "అమ్మా" అంటూ రొమ్ము పట్టుకుని కూలబడింది. దుప్పటి నేలకు తగిలితే మళ్ళీ ఉతకాలి కదా అన్నదే పెద్దకోడలికి ముందు తోచింది. ఆ తర్వాత గానీ తోడికోడలి మొహం పాలిపోయి ఉండడం ఆమె కంట పడలేదు. పడ్డాక తన మీద తనకే రోత పుట్టింది.

సాయంత్రానికల్లా ఇల్లంతా చిన్నకోడలి చుట్టూ చేరింది. గోళీకాయంత గడ్డ, చేయి తగిలితే ప్రాణం పోతోంది. మరిది ఆఫీసుకు సెలవు పెట్టాడు. "దాన్ని బకెట్టు ఎత్తనివ్వకే" అని అత్తగారు పెద్దకోడలికి చెప్పింది. మరి ఎవరెత్తాలో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. తీరా ఆస్పత్రికి బయల్దేరేసరికి "ఆడవాళ్ళ వ్యవహారం, మేమక్కడ ఏం చేస్తాం" అని మగవాళ్ళు తప్పుకున్నారు. రెండు పూటలకూ వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, పెద్దకోడలే తోడు వెళ్ళింది.

డాక్టరమ్మది కరుకు మాట, మెత్తటి చేయి. "వేళ్ళ కింద నుంచి జారిపోతోంది. మామూలు గడ్డలాగే ఉంది. అయినా సూదితో చిన్న ముక్క తీసి చూద్దాం" అంది. తర్వాత గోడవార నిలబడ్డ పెద్దకోడలి వైపు తిరిగింది. "మీరెప్పుడైనా చూపించుకున్నారా?"

"నాకేమండీ, దుక్కలా ఉన్నాను. నొప్పీ గిప్పీ ఏం లేదు."

"నొప్పి ఉంటేనే జబ్బని ఎవరు చెప్పారు మీకు?"

"ఎలాగూ వచ్చాంగా అక్కా, చూపించుకో" అంది చిన్నకోడలు.

బల్ల మీద పడుకుంటే పైకప్పు మీద చెమ్మ మరక కనిపించింది. దాన్నే చూస్తూ ఉండిపోయింది. డాక్టరమ్మ వేళ్ళు ఎక్కడికి వెళ్ళి ఆగుతాయో ఆమెకు ముందే తెలుసు. స్నానం చేస్తుంటే సబ్బు అక్కడే తట్టుకుని ఆగేది. కదలదు, మెదలదు, లోపల ఎవరో మేకు దిగ్గొట్టినట్టు. అది మొదట చేతికి తగిలిన రోజుల్లోనే అత్తగారికి తుంటి విరిగింది. మంచంలో ఉన్న మనిషిని అటూ ఇటూ తిప్పడానికి, కడగడానికి, తినిపించడానికి పెద్దకోడలి ఒంట్లో రెండు చేతులున్నాయన్నదే ఇంట్లో అందరికీ గుర్తు. ఆ చేతులకూ మెడకూ మధ్య ఇంకేమైనా ఉందా అని ఎవరూ ఆలోచించలేదు. ఆమె కూడా ఆలోచించలేదు. ఒక్కసారి మాత్రం మొగుడికి చెప్పింది. పేపరు చదువుకుంటున్నాడు. "నొప్పా?" అన్నాడు. లేదంది. "మరింకేం? అమ్మ లేచి తిరగనీ, చూద్దాం" అని పేజీ తిప్పాడు. అత్తగారు లేచి తిరిగింది. గడ్డ సంగతి ఆయన మర్చిపోయాడు. గుర్తు చేయడానికి ఆమెకు సిగ్గేసింది. పని ఎగ్గొట్టడానికి వంక పెట్టుకుందనుకుంటారేమోనని భయం కూడా వేసింది.

డాక్టరమ్మ చేయి ఆగింది. చంక కింద ఇంకాసేపు తడిమి చూసింది. "ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అని గొణిగింది. ఇద్దరికీ సూది గుచ్చి ముక్కలు తీశారు.

ఫలితాలు వచ్చే రోజు చిన్నకోడలికి జ్వరమొచ్చింది. పెద్దకోడలు ఒక్కతే వెళ్ళింది. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. చిన్నామెది మంచి గడ్డ, తీయించుకోకపోయినా పర్వాలేదు. పెద్దకోడలిది క్యాన్సరు.

"రెండూ గడ్డలేగా. తేడా ఎలా తెలుస్తుంది?" అనడిగింది. ఏడుపు రాకపోవడం ఆమెకే వింతగా ఉంది.

డాక్టరమ్మ ఆమెను పక్క గదిలోని మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్ళింది. మొదటి గాజుపలక మీద గులాబీ రంగులో పాలనాళాలు, వాటి చుట్టూ గీసినట్టు అంచులు, ఎక్కడివక్కడ ఒద్దికగా. రెండోదాంట్లో అంచుల్లేవు. నల్లటి పెద్ద పెద్ద కణాలు వరసలు కట్టి, కొవ్వులోకి, కండలోకి, దొరికిన ప్రతి సందులోకీ దూరిపోతున్నాయి. "ఇవి గోడ దాటేశాయి" అంది డాక్టరమ్మ.

తాను సినిమాకి వెళ్ళడానికి కూడా ఇద్దర్ని అడగాలి. ఇవి ఎవర్నడిగి బయల్దేరాయో, అనుకుంది.

వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది. మొగుడే ఎత్తాడు.

"ఏమన్నారు? చిన్నదానికి ఏం లేదుగా?"

"ఏం లేదన్నారు. మంచి గడ్డేనట."

ఫోన్లోంచి అందరి గొంతులూ ఒక్కసారి వినిపించాయి. అత్తగారు దేవుడికి దణ్ణం పెడుతోంది. మరిది నవ్వుతున్నాడు. ఆమె ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఎదురు చూసింది. నీ సంగతేమిటని అడుగుతాడేమోనని. "సరే, వస్తూ వస్తూ పాల ప్యాకెట్లు పట్రా" అని పెట్టేశాడు.

పాల ప్యాకెట్లు పట్టుకుని వెళ్ళింది. వంటింట్లో వాటిని కాస్తుంటే చిన్నకోడలు జ్వరంతోనే లేచి వచ్చింది. "నీది ఏమన్నారక్కా?" ఆ ఇంట్లో ఆ మాట అడిగింది ఆ పిల్ల ఒక్కతే. విన్నాక గట్టు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నాకు నొప్పి పుట్టింది కాబట్టి సరిపోయింది. నీకెందుకు పుట్టలేదక్కా?" పెద్దకోడలు ఆ పిల్ల తల నిమిరింది. ఓదార్చడం కూడా తన పనే అయింది.

ఆ తర్వాత ఒంటినంతా స్కాన్ చేశారు. కాలేయంలోకీ వెన్నులోకీ పాకిందన్నారు. ఆపరేషన్‌కు అదను దాటిపోయింది. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు గానీ నయం కాదని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి వెంట వచ్చిన మొగుడు తల దించుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఆమెకు జాలి కూడా వేసింది. అప్పుడు తలెత్తి, "మరి ఇంటి పనీ అదీ చేసుకోవచ్చాండీ?" అన్నాడు.

"ఎందుకు చేసుకోకూడదు? మీరు బాగానే ఉన్నారుగా" అంది డాక్టరమ్మ, ఆయన్నే చూస్తూ.

పెళ్ళయ్యాక అంత గట్టిగా నవ్వినట్టు పెద్దకోడలికి గుర్తులేదు. ఆయనకు మాత్రం నవ్వెందుకో అర్థం కాలేదు.

ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించారు. అత్తగారే గొంతు సవరించుకుంది. "మందులు పడ్డాక వాంతులూ నీరసమూ ఉంటాయట. ఇక్కడ చూసేవాళ్ళెవరు చెప్పు? మీ అన్నయ్య దగ్గరికెళ్ళు. పుట్టింట్లో అయితే నీకూ మనశ్శాంతి. తగ్గాక వద్దువుగాని."

"తగ్గదన్నారు అత్తయ్యా."

మొగుడు గోళ్ళు చూసుకుంటున్నాడు. అన్నయ్య ఇంట్లోనూ చాకిరీకి వదిన ఒక్కతే. తాను అక్కడికి వెళ్తే ఎవరి నడుం విరుగుతుందో ఆమెకు తెలుసు.

"నేనెక్కడికీ వెళ్ళను" అంది. "వెనక గదిలోనూ ఉండను. ఇక్కడే, హాల్లో పడుకుంటాను. వాంతులైనా, ఇంకేమైనా, మీ అందరి కళ్ళ ముందే."

లోపలికి వెళ్ళి పరుపు ఈడ్చుకొచ్చింది. చిన్నకోడలు సాయానికి లేస్తే, "నువ్వు కూర్చో, మగవాళ్ళున్నారుగా" అంది. వాళ్ళు లేవలేదు. తానే లాక్కుని, హాలు మధ్యలో పరిచి, ఇంకా ఎండ ఉండగానే పడుకుంది. అందరూ ఆమె చుట్టూ తిరిగి నడవాల్సి వచ్చింది.

చీకటి పడే వేళకు వంటింట్లో డబ్బాల చప్పుడైంది. ఒకదాని మూత తీశారు, పెట్టారు. ఇంకోదాని మూత తీశారు.

"ఏమే, ఉప్పెక్కడుంది?" మొగుడు కేకేశాడు.

ఎక్కడుందో ఆమెకు తెలుసు. చెప్పలేదు.