బురుజు కింద బస్సు మారాలి

ఆ ఊరొచ్చి నాలుగు నెలలైనా టైలరమ్మ చూసిన ఊరల్లా రెండు వీధులు, ఒక కూరగాయల కొట్టు, విదేశీయుల నమోదు ఆఫీసులో వరసగా వేసిన నీలం కుర్చీలు. అంతే. వంటింటి కిటికీలోంచి మాత్రం, ఎదుటి రెండు మేడల మధ్య సందులో, దూరంగా కొండ మీద పాత రాతి బురుజు ఒకటి జానెడంత కనిపించేది. గిన్నెలు తోముతూ దానివంకే చూసేది. పొద్దున బూడిద రంగులో ఉండే ఆ బురుజు సాయంత్రానికి బెల్లం రంగుకి తిరిగేది.

"ఒకసారి అక్కడికి వెళ్దామండీ," అని వచ్చిన వారంలోనే అడిగింది.

"ముందు సర్దుకోనీ," అన్నాడు భర్త. ఆయనది ఆస్పత్రి వంటశాలలో కూరలు తరిగే పని.

సర్దుకోవడం ఒక పట్టాన తెమిలే పనా? మంచం వచ్చింది, మరలు రాలేదు. మరలు వచ్చేసరికి మంచం పట్టే గది మారింది. చిరునామా కాగితం లేనిదే గ్యాసు ఇవ్వమన్నారు. గ్యాసు లేని ఇంటికి చిరునామా కాగితం ఎలా ఇస్తామన్నారు. ప్రతి ఆదివారం ఏదో ఒకటి బిగించుకోవడానికే సరిపోయింది.

పై అంతస్తులో వదిన ఉండేది, భర్తకి సొంత అక్క. ఇంటి వెనకాలే ఉన్న హాస్టలు లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తూ పద్దెనిమిదేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంది. వీళ్లని పిలిపించుకున్నదీ, దిగేనాటికి బియ్యం డబ్బా నింపి ఉంచిందీ ఆవిడే. మనిషి వెన్నపూస. నోరు మాత్రం ఇస్త్రీపెట్టె.

"బురుజా? పద్దెనిమిదేళ్లలో నేనే చూళ్లేదు. నీకేం ముంచుకొచ్చిందే అమ్మాయ్?" అంది.

అక్కడితో ఆ మాట అణిగిపోయేదే. కానీ టైలరమ్మకి పని దొరికింది. ఊరికి అవతలి వైపు నాటకశాలకి తెరలు కుట్టే కార్ఖానా ఉంది. భర్తకి సెలవున్న రోజు ఆయన స్నేహితుడి కారులో వెళ్లి, అక్కడి పెద్ద మేస్త్రమ్మ చేతికిచ్చిన మఖమల్ గుడ్డకి అంచు మడిచి కుట్టి చూపించింది. మేస్త్రమ్మ కుట్టు మీద వేలు పోనిచ్చి, గుడ్డ తిరగేసి చూసి, సోమవారం ఎనిమిదింటికల్లా రమ్మంది. టైలరమ్మ పన్నెండేళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. రెండంతస్తుల ఎత్తు తెర కుట్టడం అంటే ఆమెకి నిద్ర పట్టలేదు.

చిక్కల్లా దారి దగ్గర వచ్చింది. రెండు బస్సులు ఎక్కాలి. మొదటి బస్సు దిగి రెండోది ఎక్కవలసింది సరిగ్గా ఆ బురుజు కిందే.

"ఒక్కదానివీ ఎలా వెళ్తావు? బోర్డు చదవడం రాదు, మాట రాదు," అంది వదిన. "నాతో లాండ్రీకి రా. గుండీలు కుట్టే పనుంది. మెట్లు దిగితే చాలు."

భర్త గోళ్లు చూసుకున్నాడు.

"సరే వదినా," అంది టైలరమ్మ. "ఆదివారం నేనొక్కదాన్నే బురుజు దాకా వెళ్లి, ఎక్కి, నాలుగింటికల్లా ఇంట్లో ఉంటా. ఉంటే సోమవారం కార్ఖానాకి వెళ్తా. లేకపోతే మీ గుండీలే కుడతా."

"ఫోన్ చేసి దారి అడిగితే?"

"ఓడిపోయినట్టే."

ఆమె దగ్గరున్నది మాట్లాడటానికి తప్ప మరి దేనికీ పనికిరాని బొత్తాల ఫోను కాబట్టి పందెం న్యాయంగానే ఉంది.

భర్త పాఠం చెప్పాడు. "నేను రోజూ వెళ్లే బస్సే. లెక్కపెట్టా. ఏడో స్టాపు. ఆగినప్పుడల్లా ఒక వేలు మడువు. ఏడో వేలుకి దిగిపో."

ఆదివారం తొమ్మిదిన్నరకి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఆగింది, చిటికెన వేలు మడిచింది. ఆ తర్వాత చాలాసేపు ఆగలేదు. దారి పక్కన స్టాపు స్తంభాలు వెనక్కి పరిగెడుతున్నాయి. అవి వేరే బస్సులవి కాబోలనుకుంది. వాళ్లు పెరిగిన చోట మనుషులున్నా లేకపోయినా బస్సు ప్రతి స్టాపులోనూ ఆగి, ఒకసారి నిట్టూర్చి మరీ కదిలేది. ఇక్కడ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేకపోతే ఆగకుండా పోతుందని ఆమెకి తెలీదు. పనిరోజుల్లో ప్రతి స్టాపులోనూ జనం ఉంటారు గనక ఆయనకీ తెలీదు.

మూడో వేలు మడిచేసరికి బురుజు ఎడమ పక్కన కొండంత కనిపించింది. కొండ మీదే ఉంది మరి! లేవబోయింది. కానీ వేళ్లు ఇంకా నాలుగున్నాయి. మొగుడి లెక్క మీద నమ్మకంతో కదలకుండా కూర్చుంది. రోడ్డు కొండ చుట్టూ తిరిగొస్తుందేమోలే అనుకుంది. బురుజు వెనక్కి వెళ్లింది. నది దాటారు. ఏడో వేలు మడిచినప్పుడు డ్రైవరు ఇంజను ఆపేసి, టోపీ తీసి, అన్నం డబ్బా చంకన పెట్టుకున్నాడు. ముందు బస్సుల షెడ్డు కనిపించింది.

ఆమె మొహం చూసి డ్రైవరుకి అర్థమైపోయింది. ఇలాంటి వాళ్లని ఆయన ఎంతమందిని చూశాడో. తన బస్సు ఇంక కదలదని చేత్తో చెప్పి, తిరుగు బస్సు ఒంటిగంటకని గడియారం మీద చూపించాడు. పదింపావే అయింది. కూర్చోమని బల్ల చూపించి, ఆమె చేతిలో ఖాళీ సీసా తీసుకుని లోపలికి వెళ్లి నీళ్లు పట్టుకొచ్చాడు.

రెండు గుక్కలు తాగేసరికి ఏడుపు వెనక్కి వెళ్లింది. నది అవతల, ఇళ్ల కప్పుల పైన బురుజు బొటనవేలంత కనిపిస్తోంది. మూడు గంటలు ఈ బల్ల మీద కూర్చుంటే ఊరు చూసినట్టా? మళ్లీ బస్సెక్కి ఈసారి ఎన్ని వేళ్లు మడవాలి? గుడ్డ ఎంత పెద్దదైనా అంచు పట్టుకుని పోతే ఒక కొసకి చేరతాం. ఈ ఊరికి నది అంచులా ఉంది. డ్రైవరుకి దండం పెట్టి నడక మొదలెట్టింది.

నది పక్కన ఏముందని అడిగితే ఆమె ఇప్పటికీ గంటసేపు చెబుతుంది. పడవలకి రంగులేస్తున్న ముసలివాళ్లు, గాజు కప్పు కింద అంగళ్ల వీధి, పూల సంత. ఒక వరండాలో ఆరేసిన పరదాకి కుట్టు ఎంత వంకరగా ఉందంటే, తలుపు కొట్టి సరిచేసి రావాలనిపించింది. ఎవరూ ఆమెని ఆపలేదు, ఎక్కడికని అడగలేదు. కుక్కని నడిపిస్తున్న ఒక పెద్దాయన టోపీ ఎత్తి పలకరించాడు కూడా.

రాతి వంతెన మెట్ల దగ్గర పెళ్లివారు ఫొటోలు దిగుతున్నారు. తెల్ల గౌను వెనక కుచ్చెళ్లు ఊడి, పెళ్లికూతురు వాటిని గుప్పిట్లో పట్టుకుని ఏడవబోతోంది. టైలరమ్మ ఎవరి అనుమతీ అడగలేదు. కింద కూర్చుని, గాజులకి తగిలించుకున్న పిన్నీసులు నాలుగూ తీసి, కుచ్చెళ్లు లోపలికి మడిచి, బయటికి కనబడకుండా బిగించింది. పెళ్లికూతురు ఒక్కసారి గిర్రున తిరిగి చూసుకుని ఆమెని కావలించుకుంది. టైలరమ్మ కొండ వైపు చెయ్యి చూపించగానే పెళ్లివారిలో ముగ్గురు ఒకేసారి దారి చెప్పబోయి కొట్లాడుకున్నారు. చివరికి తోడుపెళ్లికూతురు చెయ్యి పట్టుకుని వంతెన దాటించి, కొండకి వెనక వైపున్న మెట్లదారిలో నిలబెట్టి వెళ్లింది.

మెట్లు రెండు వందల ముప్ఫై ఆరు. బురుజు లోపల మరో తొంభై. ఒంటిగంట దాటాక పైకి చేరింది.

గాలికి కొంగు జెండాలా లేచింది. నాలుగు నెలలుగా జానెడంత కనిపించిన బురుజు మీద తనే నిలబడి ఉంది. ఊరు ఊరంతా కత్తిరించి పరిచిన గుడ్డలా కింద ఉంది. ఆమెకి గట్టిగా నవ్వొచ్చింది. పక్కనున్న ఫొటోలవాళ్లు కూడా కారణం తెలియకుండానే నవ్వారు.

అప్పుడు కింద బస్సు స్టాపులో గొడుగొకటి కనిపించింది. మెరూన్ స్వెట్టరు, కింద ఆకుపచ్చ చీర. ఫోను తీసింది.

"వదినా, ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటాను, ఇంట్లోనే," అంది వదిన. వెనక నుంచి బస్సు హారను మోగింది.

"మీ ఇంట్లోకి బస్సులొస్తున్నాయేంటి? తలెత్తి చూడండి."

గొడుగు పక్కకి వాలింది. "ఓసి నీ దుంపతెగ! గంటకి పైగా ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని... పైకి ఎప్పుడెక్కావే?"

"మీరూ రండి. నేను దిగను."

వదిన ప్రతి మలుపులోనూ ఆగి, మరదల్ని రకరకాలుగా తిట్టుకుంటూ ఎక్కింది. పైకొచ్చాక మాత్రం పిట్టగోడ పట్టుకుని చాలాసేపు చూసింది.

"మనిల్లేదీ?"

"అదిగో, పసుపు నీళ్లట్యాంకు పక్కన. ఆ పొగగొట్టం మీ లాండ్రీ."

"అంతేనా? అంత చిన్నదా!" అంది వదిన. గొంతు తగ్గించి చెప్పింది. "వచ్చిన కొత్తలో ఒకసారి తప్పిపోయానే. పోలీసు గదిలో మూడు గంటలు ఏడుస్తూ కూర్చున్నా. ఆ తర్వాత ఇల్లు, లాండ్రీ. ఇంకెటూ కాలు పెట్టలేదు. ఇవాళ నువ్వు ఏమైపోయావోనని పదకొండున్నర బస్సెక్కేశా. ఎలా ఎక్కానో నాకే తెలీదు."

టైలరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గాలికి కళ్లు తుడుచుకున్నారు.

కిందికి దిగాక వదిన స్తంభం మీది కాగితం చదివింది. ఆవిడకి ఆ ఊరి అక్షరాలు వచ్చు, ఊరే రాదు. "చచ్చాం. మళ్లీ బస్సు మూడు యాభైకి. నాలుగింటికి ఎలా చేరతావే?"

"పైనుంచి చూశాను కదా. ఈ చెట్ల రోడ్డు చివరికంటా పోయి, గుండ్రటి పార్కు దగ్గర కుడికి తిరిగితే నీళ్లట్యాంకే. నడుద్దాం."

"నా మోకాళ్లు?"

"పార్కులో బల్లలున్నాయి. అవీ చూశా."

ఇంటి ముందు భర్త గేటు పట్టుకుని వీధి రెండు చివరలా చూస్తున్నాడు. అక్కా భార్యా చెప్పులు చేత పట్టుకుని, ఎర్రబడ్డ మొహాలతో నవ్వుకుంటూ రావడం చూసి నోరు తెరిచాడు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

"బస్సు ఇటు రాలేదే! ఎలా వచ్చారు? అక్కా, నువ్వెక్కడ దొరికావు?"

"నేను దొరకడమేంట్రా, తనే నన్ను ఇంటికి తీసుకొచ్చింది," అంది వదిన. "నీ ఏడు వేళ్ల సంగతి తర్వాత తేలుస్తా. రేపు ఎనిమిదింటికి పిల్ల కార్ఖానాలో ఉండాలి. ఆరున్నరకల్లా అన్నం డబ్బా కట్టి పెట్టు. గుండీలు కుట్టడానికి వేరే ఎవరినైనా చూసుకోమని లాండ్రీలో నేను చెప్తా. ముందు పోయి వేణ్ణీళ్లు పెట్టు, ఇద్దరికీ."

ఆయన నీళ్లు కాచి, ఉప్పేసి, పెద్ద టబ్బులో పోసి తెచ్చాడు. వదినామరదళ్లు ఎదురెదురుగా కూర్చుని నాలుగు పాదాలూ ఒకే టబ్బులో పెట్టుకున్నారు. నదికి ఎన్ని వంతెనలున్నాయన్న దగ్గర తగాదా మొదలైంది. వదిన నాలుగంటుంది, టైలరమ్మ ఐదంటుంది.

"వచ్చే ఆదివారం పడవెక్కి లెక్కపెట్టి చూపిస్తా," అంది వదిన.