కొండ విసిరిన బంతి

శనివారం వస్తే జకరయ్య ఇంట్లో అందరికంటే ముందు ఇస్త్రీ పెట్టె మేలుకునేది. నీలం చొక్కా, బూడిదరంగు ప్యాంటు మడత పదును తేలేదాకా రుద్ది, అద్దం ముందు టోపీ సర్దుకుని, ఆ తర్వాతే టీ తాగేవాడు. గల్ఫ్‌లో, ఫుజైరా ఓడరేవులో ఓడలకి ఇంధనం నింపే కంపెనీలో అతను సూపర్‌వైజరు. డ్యూటీకి నలిగిన చొక్కాతో వెళ్ళినా అతనికి పట్టేది కాదు. ఈ ముస్తాబంతా బేస్‌బాల్ కోసం. ఫుజైరా, ఖోర్ ఫక్కాన్ వైపు హైస్కూలు ఆడపిల్లల మ్యాచ్‌లకి ఉన్న ఒకే ఒక్క అంపైరు అతను.

కూతురు ఫేబా టెన్త్ చదువుతోంది. స్కూలు టీములో బంతిని అందరికంటే దూరం కొట్టేది ఆ పిల్లే. తండ్రీ కూతుళ్ళు ఒకే కారులో బయల్దేరేవారు. గ్రౌండు ఇంకా కొంత దూరం ఉండగానే మలబారు వాళ్ళ గ్రోసరీ దగ్గర జకరయ్య కారు ఆపేసేవాడు.

"దిగమ్మా."

"ఎండగా ఉంది డాడీ."

"అంపైరూ ప్లేయరూ ఒకే బండిలోంచి దిగితే అవతలి టీమోళ్ళు ఏమనుకుంటారు? దిగు దిగు."

ఫేబా బ్యాటు సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చేసరికి తండ్రి గ్రౌండులో సున్నపు గీతలు సరిచూస్తూ ఉండేవాడు. కూతురు పక్కనించి వెళ్ళినా తలెత్తేవాడు కాదు.

ఆ గ్రౌండు ఊరి చివర, కొండ కింద ఉంది. ఆట తెలియనివాళ్ళకి కోచ్ ప్రమోద్ సార్ ఒక్క ముక్కలో చెప్పేవాడు. ఆయనది ఆర్మూరు దిక్కు. "బ్యాటుతోని కొట్టాలె, నాలుగు మూలలు ఉరకాలె, బయల్దేరిన కాడికి బాల్ కంటె ముందుగాల రావాలె. గంతే!" అనేవాడు. బయల్దేరే చోట తెల్లటి పలక ఉంటుంది. దాన్ని హోమ్ ప్లేట్ అంటారు.

వేరే గ్రౌండుల్లో బంతి కంచె దాటిందంటే కొట్టిన పిల్ల చేతులూపుకుంటూ తీరిగ్గా చుట్టి రావచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు. కంచె వెనక ఉన్న కొండ బంతి పట్టుకుని తిరిగి విసురుతుంది. చెట్టూ చేమా లేని, ఖర్జూరప్పండు రంగు కొండ. బంతి వెళ్ళి దాని ఒళ్ళో థప్‌మని పడేది. ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగి, పరుగెత్తే పిల్ల ఏ మూలకి వెళ్తోందో సరిగ్గా ఆ మూలకే విసిరేది. ఎవరు ఫీల్డింగ్ చేస్తుంటే వాళ్ళ తరఫున ఆడేది. పిల్లలు బంతి అందుకుని కొండ వైపు తిరిగి "షుక్రన్" అని అరబ్బీలో థాంక్స్ చెప్పేవారు. బయటి టీములు వస్తే టాస్ వేసేటప్పుడే జకరయ్య చెప్పేసేవాడు, "కొండ చేతిలో పడితే బాల్ ఆటలో ఉన్నట్టేనమ్మా, చూసుకుని పరిగెత్తండి" అని. క్వారీ వాళ్ళు పక్కనున్న కొండల్ని పిండి చేసుకుంటూ వచ్చి దీని దగ్గర ఆగిపోయారు. ఆడుతున్నవాళ్ళ మీద ఎవరు చెయ్యి చేసుకుంటారు?

జకరయ్యకి ఆ కొండంటే గౌరవం. "దానికి తనా పరా లేదు. అంపైరంటే అలా ఉండాలి," అనేవాడు.

అలా ఉండాలనే అతను కూతురి విషయంలో దారి తప్పాడు. ఫేబా మొట్టమొదటి మ్యాచ్‌లో బంతి కంటే ముందొచ్చిందని అతను న్యాయంగానే సేఫ్ ఇచ్చాడు. ఎవరో పిల్ల తండ్రి వెనకనించి నవ్వి, "ఇంట్లో మనిషే అంపైరైతే ఇంకేం కావాలి," అన్నాడు. ఆ మాట చెప్పులో రాయిలా ఉండిపోయింది. ఆనాటి నుంచి బంతీ బిడ్డా ఒకేసారి వస్తే బిడ్డ అవుట్. బిడ్డ కాస్త ముందొచ్చినా అవుటే.

ప్రమోద్ సార్ టోపీ నేలకేసి కొట్టేవాడు.

"ఏంది సార్ గిది! పిల్ల చెయ్యి ప్లేటు మీద వడ్డంక బాల్ వచ్చింది. మీకు కనవడలేదా?"

"నాకు కనబడిందే నేనిచ్చానండి."

"మీకు కనవడ్డది మీ బిడ్డ మొకం సార్. బాల్ కాదు."

"కోచ్ గారూ, బెంచీ దగ్గరికెళ్ళండి. లేకపోతే మిమ్మల్ని కూడా పంపించేస్తాను."

ఇంటికొచ్చాక ఆ అంపైరు మాయమైపోయేవాడు. జకరయ్య వేడి ఉప్పునీళ్ళలో గుడ్డ పిండి కూతురి మోకాలికి కాపడం పెట్టేవాడు. వంజరం పులుసులో నడిముక్క ఆ పిల్ల కంచంలోనే పడేది.

"నొప్పి తగ్గిందా నాన్నా?"

"మోకాలిదా, ఇంకోటా?" అనేది ఫేబా. అతను గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచేవాడు.

డిసెంబరులో ఒక మ్యాచ్ అలాగే పోయింది. ఆ రోజు భోజనాల దగ్గర ఫేబా తల్లితో చెప్పింది.

"మమ్మీ, ఏప్రిల్ నుంచి నేను హెప్సీ పిన్ని దగ్గరుండి చదువుకుంటాను. షార్జాలో. పిన్నిని అడిగేశాను, రమ్మంది."

దయారాణి గరిటె ఆపింది. "రోలాలో ఆ ఒక్క గది ఫ్లాట్లోనా? వాళ్ళే ఒకరి మీద ఒకరు పడుకుంటున్నారు కదే."

"సర్దుకుంటాను. అక్కడ అంపైర్లు ఎవరికీ నాన్నలు కారు."

జకరయ్య కంచం దగ్గరికి లాక్కున్నాడు. చేపముక్కలో ముళ్ళు తీస్తూ కూర్చున్నాడు. ముళ్ళన్నీ అయిపోయినా తీస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ దయారాణి గుమ్మం దగ్గర ఆగింది. ఆవిడ హాస్పిటల్లో నర్సు. శనివారం మ్యాచ్ ఉన్నప్పుడల్లా కావాలని డ్యూటీ వేయించుకునేది. కన్నతండ్రి కూతుర్ని అవుట్ ఇస్తుంటే చూడలేనని.

"ఏవండీ, మనవాళ్ళెవరైనా పేషెంటుగా వస్తే సూది నేను వెయ్యను. వేరే సిస్టర్‌ని పిలుస్తాను. చెయ్యి వణుకుతుంది. మీకు వణకదా?"

"వణుకుతుంది దయా. అందుకే అవుట్ ఇచ్చేస్తాను."

"మరి వేరేవాళ్ళని పిలవండి."

"ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారు చెప్పు? నేను మానేస్తే మ్యాచ్‌లే ఆగిపోతాయి."

ఆవిడ బస్సుకి టైమైపోతోందని వెళ్ళిపోయింది.

జనవరిలో ఫైనల్ వచ్చింది. ఫుజైరా స్కూలుకీ ఖోర్ ఫక్కాన్ స్కూలుకీ. సముద్రం మీంచి చల్లగాలి వీస్తోంది. ఈసారి దయారాణి డ్యూటీ మార్చుకుని వచ్చి, చున్నీ తలమీదుగా కప్పుకుని చివరి వరసలో కూర్చుంది. ఫేబా బెంచీ చివర కూర్చుని షూ తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకుంటోంది. ఈ గ్రౌండులో తనకి ఇదే ఆఖరి ఆట అని టీములో అందరికీ తెలుసు.

ఖోర్ ఫక్కాన్ కోచ్ షాహబాజ్ లాహోర్ మనిషి. జకరయ్యకి పాత స్నేహితుడు. ఆయన పిల్లలు గట్టిగా ఆడారు. ఆఖరి ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి ఒక్క రన్ను ముందున్నారు. ఫుజైరా వాళ్ళు ఇద్దరు అవుటయ్యారు. మూడో పిల్ల అవుటైతే ఆట అయిపోయినట్టే. రెండో మూల దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. బ్యాటు పట్టుకుని ఫేబా వచ్చింది. ఆ పిల్ల వెనక బంతి అందుకునే క్యాచర్, క్యాచర్ వెనక వంగి నిలబడి జకరయ్య. కూతురి మెడ మీద పేరుకున్న ఇసుక కూడా అతనికి కనబడుతోంది.

మొదటి బంతి వదిలేసింది. రెండోది వదిలేసింది. మూడోది కొట్టింది.

ఆ చప్పుడుకి కూర్చున్నవాళ్ళందరూ లేచారు. బంతి ఫీల్డర్ల తలల మీదుగా, కంచె మీదుగా వెళ్ళి కొండ ఒళ్ళో పడింది. థప్.

రెండో మూల అమ్మాయి అప్పటికే పరుగెత్తి హోమ్‌కి వచ్చేసింది. స్కోరు సమానమైంది. ఫేబా మొదటి మూల దాటింది, రెండోది దాటింది. ఈపాటికి బంతి రావాలి. రాలేదు. ఫీల్డింగ్ చేస్తున్న పిల్లలందరూ కొండ వైపు చేతులు చాచి నిలబడ్డారు. కొండ ఊరుకుంది.

మూడో మూల దగ్గర ప్రమోద్ సార్ రెండు చేతులూ ఎత్తి అరిచాడు. "ఆగు బిడ్డా, ఆగు! ఇంక కొండ చేతులనే ఉన్నది! ముందటికి పోకు!"

ఫేబా ఆగలేదు. మూల తొక్కి హోమ్ వైపు మళ్ళింది. ఆగి, వచ్చే వారం మళ్ళీ ఆడదామనుకోవడానికి ఆ పిల్లకి వచ్చే వారం లేదు.

అప్పుడు కొండ విసిరింది.

బంతి గ్రౌండంతా దాటి వస్తుంటే అందరి తలలూ దానితోపాటు తిరిగాయి. క్యాచర్ ప్లేటుకి అడ్డంగా నిలబడి గ్లవ్ తెరిచింది. ఫేబా నేలమీద జారింది. దుమ్ము లేచింది. బంతి గ్లవ్ దాకా వచ్చి, ఒక జానెడు పక్కకి తప్పుకుని, క్యాచర్ భుజం మీదుగా జకరయ్య ఎడమచేతిలో వాలింది. అంత దూరం వచ్చిన బంతి అతనికి దెబ్బలా తగల్లేదు. కోడి కిందనించి తీసిన గుడ్డులా వెచ్చగా, మెత్తగా చేతిలో ఇమిడింది.

దుమ్ము అణిగింది. క్యాచర్ ఖాళీ గ్లవ్ చూసుకుంటోంది. ఫేబా బోర్లా పడి ఉంది, చెయ్యి ప్లేటు మీదుంది. గ్రౌండంతా జకరయ్య వైపు చూస్తోంది.

జకరయ్య కొండ వైపు చూశాడు. అది కొండలాగే ఉంది.

ఇన్నాళ్ళూ మధ్యలో ఏదో ఒకటి ఉండేది. ఒక గ్లవ్వో, దుమ్మో, రెప్పపాటు తేడావో. వాటి చాటున నిలబడి అవుట్ ఇచ్చేసేవాడు. ఇప్పుడు బంతి తన చేతిలో ఉంది, కూతురి చెయ్యి ప్లేటు మీద ఉంది. మధ్యలో మూడో మనిషి లేడు.

అతను రెండు చేతులూ బారచాపాడు. వేళ్ళు విచ్చుకుని బంతి జారి కింద పడింది.

"సేఫ్," అన్నాడు. పక్కనున్న క్యాచర్‌కి మాత్రమే వినబడింది.

"ఏమన్నరు సార్? ఇనవడలే!" అరిచాడు ప్రమోద్.

"సేఫ్!" అన్నాడు జకరయ్య. ఈసారి లైటు తీగల మీద పావురాలు లేచిపోయాయి.

షాహబాజ్ పరుగున వచ్చాడు. "జకరయ్య భాయ్, యే క్యా హువా? బాల్ ఆప్‌కే హాథ్ మే?"

"హా భాయ్, మేరే హాథ్ మే. బచ్చీ కో కిసీనే ఛువా నహీ. సేఫ్ హై."

బంతితో తాకితేనే అవుట్, పిల్లని ఎవరూ తాకలేదన్న మాట నిజమే. షాహబాజ్ టోపీ తీసి కొండ వైపు చాలాసేపు చూశాడు. దానితో వాదించిన కోచ్ ఇంతవరకూ ఎవరూ లేరు. "పహాడ్ కీ మర్జీ. ఖలాస్," అని, కొండ ఇష్టానికి ఎదురేముందన్నట్టు నవ్వి, ప్రమోద్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఫేబా ఇంకా నేలమీదే ఉంది. ముఖం నిండా దుమ్ము, దాంట్లో కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"డాడీ, నిజంగానా?"

గ్రౌండులో ఆ పిల్ల అతన్ని అలా పిలవడం అదే మొదలు.

"నిజమేనమ్మా," అన్నాడు అంపైరు. టోపీ కళ్ళమీదకి లాక్కుని ప్లేటు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచేశాక కూడా తుడిచాడు. ఈలోపు టీమంతా వచ్చి ఫేబా మీద పడింది. చివరి వరసలోనించి దయారాణి చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

సాయంత్రం ముగ్గురూ సముద్రం ఒడ్డున కఫ్తేరియా ముందు కూర్చుని పరోటాలు తిన్నారు. ఫేబా కరక్ చాయ్ ఊదుకుంటూ అడిగింది.

"డాడీ, ఒకటడుగుతా. నిజం చెప్పాలి. బంతి క్యాచర్ చేతిలో పడుంటే?"

దయారాణి వద్దన్నట్టు కూతురి మోచెయ్యి నొక్కింది.

జకరయ్య గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ముందొచ్చినా అవుటే ఇచ్చుండేవాణ్ణి."

"నాకు తెలుసు," అంది ఫేబా. అతను చెప్పినందుకో ఏమో, ఆ పిల్ల ముఖంలో కోపం కనబడలేదు. "మరి నేను రోలా వెళ్ళనా?"

"నువ్వెక్కడికీ వెళ్ళొద్దు. నేనే వెళ్ళిపోతాను."

"ఎక్కడికండీ?" అంది దయారాణి కంగారుగా.

"జనంలోకి. మీ పక్కన కూర్చోడానికి."

అన్నట్టే చేశాడు. ఖోర్ ఫక్కాన్‌లోనే వేరే చిన్నపిల్లల స్కూల్లో డ్రాయింగ్ చెప్పే మాలతి టీచర్‌కి ఆటంటే ఇష్టమని షాహబాజ్ చెబితే, వెళ్ళి అడిగాడు. ఎండాకాలం అంతా సెలవు రోజుల్లో ఆవిణ్ణి ఏసీ హాల్లో నిలబెట్టి రూల్సన్నీ నేర్పించాడు. మాలతి టీచర్ సన్నగా, పొట్టిగా ఉండేది. ఒకసారి చెప్పిన మాట మళ్ళీ మార్చేది కాదు. "ఈవిడ నాకంటే నయం," అని ఇంటికొచ్చి మెచ్చుకున్నాడు. హెప్సీ పిన్ని ఫోన్ చేసి, నీ కోసం మంచం కూడా కొన్నాను కదే అని ఫేబాని తిట్టింది.

నవంబరులో కొత్త సీజను మొదలైంది. జకరయ్య పసుప్పచ్చ టీషర్టు వేసుకుని, వేరుసెనగ పొట్లంతో దయారాణి పక్కన ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి అరగంట పెద్దమనిషిలాగే ఉన్నాడు.

రెండో ఇన్నింగ్స్‌లో ఫేబా మూడో మూలకి జారింది. బంతి ఆ పిల్ల కంటే ముందే అక్కడుంది. మాలతి టీచర్ పిడికిలి ఎత్తింది.

"అవుట్!"

వేరుసెనగలు గాల్లోకి లేచాయి.

"ఏంటి మేడమ్ అది? ఎలా అవుట్? మా పిల్ల కాలు ముందే తగిలింది! కళ్ళజోడు మార్పించుకోండి!"

"ఏవండీ, కూర్చోండి," అంది దయారాణి.

"కూర్చోడమేంటే! నేను పదేళ్ళు అంపైరింగు చేశాను, నాకు తెలీదా?"

మాలతి టీచర్ మాస్క్ పైకెత్తి అతని వైపు చూసింది. "సార్, ఇది మొదటి హెచ్చరిక."

"హెచ్చరిక నాకు కాదు మేడమ్, మీ కంటి డాక్టర్‌కి చెప్పండి!"

టీచర్ మాస్క్ దించుకుంది. చెయ్యి చాచి గేటు వైపు చూపించింది. అవతలి బెంచీ మీద షాహబాజ్ నవ్వలేక పొట్ట పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. "పోండ్రి సార్, పోండ్రి! ఎన్నిసార్లు పంపిన్రు నన్ను!" అని ప్రమోద్ చప్పట్లు కొట్టాడు. పక్కనున్న ఆవిడ అడిగితే దయారాణి చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆయనెవరో నాకు తెలీదండీ అంది.

జకరయ్య గేటు దాకా వెనక్కి తిరిగి అరుచుకుంటూనే నడిచాడు. మూడో మూల దగ్గర ఫేబా మోకాలి దుమ్ము దులుపుకుంటూ, సిగ్గుతో, నవ్వుతో ఎర్రబడిపోయి తండ్రికి వినబడేలా గట్టిగా కేకేసింది.

"డాడీ, ఊరుకో! నేను అవుటే! నిజంగా అవుటే!"

"నువ్వూరుకోమ్మా, నీకేం తెలుసు!" అన్నాడు జకరయ్య. కంచె అవతలికి వెళ్ళి, వలలో వేళ్ళు దూర్చి పట్టుకుని, అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెట్టాడు.