రొట్టెల కొట్టు అక్షరాలు

బీన్స్ ఈనెలు తీస్తూ గడ్డం మాస్టారి పాఠం వింటున్నాను. ఆ పేరు నేను పెట్టుకున్నదే. ఫోనులో ఫాంట్ల గురించి ఉచితంగా పాఠాలు చెప్తాడాయన. ఒక చెవి ఆయనకి, రెండో చెవి ఇంటికి. రెండు చెవులూ ఆయనకే ఇచ్చిన రోజున పాలు పొంగిపోయాయి. "టైపు కొట్టేదానికి ఇన్ని పాఠాలెందుకే? డాక్టరీ చదువుతున్నావా?" అన్నారు మావారు. ఇంటి ముందుగదే మా ప్రింటింగ్ షాపు. కార్డులు, కరపత్రాలు, బోర్డులు చేస్తాం. బేరాలు ఆయనవి, కంప్యూటరు ముందు కూర్చునేది నేను. ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నా, ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "మా ఆవిడ, ఖాళీగా ఉన్నప్పుడు సాయం చేస్తుంటుంది" అంటారు. నేను ఖాళీగా ఉండేదెప్పుడో ఆయన్నే అడగాలి.

మొన్న వేసవిలో మొదలైందీ పిచ్చి. కార్డు మీద అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత దూరముంటే కంటికి ఇంపుగా ఉంటుందో వెతకబోయి, ఒక సైటులోంచి ఇంకో సైటులోకి జారిపడుతూ పోయాను. ఒకచోట అచ్చు చరిత్ర, ఒకచోట అక్షరం ఒంట్లో ఏ భాగాన్ని ఏమంటారో చెప్పే బొమ్మలు, ఇంకోచోట అక్షరాల్ని వేలితో జరిపి సరైన దూరంలో పెట్టే ఆట. ఆ ఆటలో నాకు వందకి తొంభై ఆరు వచ్చాయి. ఎవరికి చెప్పుకోవాలో తెలియక అత్తయ్యకి చెప్పాను. "మిగతా నాలుగూ ఎక్కడ పోయాయమ్మాయ్?" అంది.

చదివేకొద్దీ తెలివి పెరగాలి కదా, నాకు తికమక పెరిగింది. గడ్డం మాస్టారు పేజీకి రెండు ఫాంట్లు దాటొద్దంటాడు. వేరే సైటులో కళ్ళజోడావిడ అసలలాంటి నియమమే లేదంటుంది. పైగా ఇద్దరి కొలతలూ వాళ్ళ ఇంగ్లీషు అక్షరాలకే. వాళ్ళవి గీత మీద బుద్ధిగా నిలబడతాయి. మనవాటికి నెత్తిన తలకట్టు, కాళ్ళ దగ్గర ఒత్తు, పక్కన కొమ్ము. సంసారం మొత్తం వెంటేసుకుని తిరుగుతాయి. వీటిని ఏ గీత మీద నిలబెట్టాలో ఇద్దరూ చెప్పలేదు. ఒక పాఠం చివర మాత్రం కళ్ళజోడావిడ అన్న మాట బుర్రలో ఇరుక్కుపోయింది. ఫాంటంటే గీసినవాళ్ళ నిర్ణయాల మొత్తమట. నేనీ ఇంట్లో కర్టెన్ల రంగు కూడా నిర్ణయించలేదు.

అలా తిరుగుతుంటే దొరికిందే మన అక్షరాల గ్రూపు. బోర్డుల మీదో పుస్తకాల మీదో నచ్చిన అక్షరాల ఫొటో పెట్టి "ఇది ఏ ఫాంటు?" అని అడుగుతారు, తెలిసినవాళ్ళు పేరు చెప్తారు. నేను ముందు మనసులో ఒక పేరు అనుకుని, తర్వాత జవాబులు చూసుకుంటాను. ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. మంగళవారం పొద్దున బట్టలు మడతపెడుతూ తెరిస్తే, మా వీధి చివరి రొట్టెల కొట్టు బోర్డు కనిపించింది. "దీని పేరు ఎవరికైనా తెలుసా?" అని 'సున్నా' అనే మారుపేరుతో ఎవరో అడిగారు. ఆ అక్షరాలు నేను గీసినవి.

నాలుగేళ్ళ కిందట, మా పాపకి జ్వరమొచ్చిన వారమది. రొట్టెల కొట్టావిడ వచ్చి, అక్షరాలు అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టుండాలంది. మా కంప్యూటర్లో ఉన్నవన్నీ చూపించినా ఒప్పుకోలేదు. చివరికి పాడైన కార్డుల వెనక పెన్సిలుతో గీసి, స్కాన్ చేసి ఇచ్చాను. ఆవిడ కొట్టు పేరుకి కావలసిన ఏడక్షరాలు, అంతే. తర్వాత మందుల షాపాయన అవే కావాలన్నాడు. ఆయన పేరులో మూడు కొత్తవి. "మూడేగా, అన్నం ఉడికేలోపు గీసెయ్" అన్నారు మావారు. గీశాను. ఆపైన టైలరు, కళ్ళ డాక్టరు, డ్రైవింగ్ స్కూలు. "ఒక్క అక్షరమే" అని ఆయన అడగడం, నేను గీయడం. ఒక్క అక్షరాన్ని పని అని ఎవరంటారు? నేనూ అనలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే వర్ణమాల మొత్తం అయిపోయింది.

కింద జవాబులు చదివాను. ఒకాయన ఘంటాపథంగా ఏదో ఫాంటు పేరు చెప్పాడు, తప్పు. ఇంకొకాయన 'శ' మెడ దగ్గరి వంపు చూసి, అది పాతకాలపు అచ్చు నుంచి వచ్చిందని, అలా వంచాలంటే ముప్ఫై ఏళ్ళ సాధన కావాలని పెద్ద వ్యాసమే రాశాడు. "గీసినాయన ఎవరోగానీ ఆ చేతులకి దణ్ణం పెట్టాలి" అని మరొకరు. జవాబిచ్చిన నలభై ఏడుమందిలో ఒక్కరికీ 'గీసినావిడ' అనే మాట తట్టలేదు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఆ వెంటనే కుక్కరు కూతపెట్టింది. నాకొచ్చింది సంతోషమో కోపమో తేల్చుకోలేకపోయాను. అన్నం ఉడికేలోపు గీసినదాన్ని ఫాంటంటారా? "ఇవి నావి" అని రెండే మాటలు రాయాలి. రాయబోతే, నావే అని నాకే గట్టిగా అనిపించలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారికి ఫోను చూపించాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"భలే పబ్లిసిటీ! మనదే అని పెట్టేద్దాం."

"మనదే అంటే... నేను గీశానని పెట్టనా?"

"నువ్వూ నేనూ ఏంటే మధ్యలో? షాపు మనదేగా. ఇంట్లో ఆడవాళ్ళు గీశారంటే విలువుంటుందా? ముందు అన్నం వడ్డించు."

అత్తయ్య వైపు చూశాను. "గీసింది ఎవరైతేనేం అమ్మాయ్, ఇంటిపనేగా" అంది నీళ్ళ గ్లాసు అందుకుంటూ.

ఈ 'మనది' నాకెప్పుడూ అంతుపట్టదు. షాపు మనది, గిన్నెలు నావి. బోర్డు మనది, దాని మీద పేరు ఆయనది. మొగుడూ పెళ్ళాల మధ్య నీది నాది ఏంటని మా అమ్మ కూడా అనేది. అందరూ ఒకే మాట అంటుంటే తేడా నాలోనే ఉందేమో అనిపిస్తుంది. ఆ అక్షరాల మీద నా పేరు ఉండాలనుకోవడం ఆశా, అత్యాశా? మధ్యాహ్నమంతా అదే ఆలోచన. ఎవరిదో విజిటింగ్ కార్డు రెండుసార్లు తప్పు కొట్టాను.

మర్నాడు గ్రూపు తెరిస్తే షాపు పేరుతో మావారి జవాబుంది. "ఈ ఫాంటు సృష్టికర్తను నేనే. అనేక సంవత్సరాల నా కృషి ఫలితం." కింద దండాలే దండాలు. ఆయనకి పెన్సిలు చెక్కడం కూడా రాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి కోపమేనని తెలుస్తూనే ఉంది. ఆ దండాల కింద సున్నా మళ్ళీ అడిగారు. "సార్, ఆ 'శ' వంపు ఎలా వచ్చింది? మీ మొదటి చిత్తు గీతలు ఒక్కటైనా చూపిస్తారా?"

కాసేపటికి మావారు తన ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"ఈ 'శ' గొడవేంటే? నాలుగు ముక్కలు బాగా రాసిపెట్టు. ఆ పాఠాలేవో వింటున్నావుగా, ఆ మాటలన్నీ దట్టించు. చిత్తు కాగితం ఏదైనా ఉంటే ఫొటో తీసి పెట్టు."

ముందుగదిలోంచి ఎవరో పిలిచారు. "నాకు చూపించక్కర్లేదు, పంపెయ్" అంటూ ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

దట్టించగలను. గడ్డం మాస్టారి మాటలన్నీ నాకు నోటికొచ్చు. ఆయన పేరు మీద బ్రహ్మాండంగా రాయగలను, ఇన్నాళ్ళూ చేస్తున్నదదేగా. అల్మారా పైనుంచి చిత్తు కార్డుల కట్ట దించాను. 'శ' దొరికింది. కార్డు మూల నా చేతిరాతే, "పాప మందు, తిన్నాక" అని. కార్డు మొత్తం పడేలా ఫొటో తీసి, జరిగింది జరిగినట్టు కింద రాశాను.

"ఆ వంపు సాధనతో వచ్చింది కాదు. మెడ దాకా గీసేసరికి మా అత్తయ్య వేడినీళ్ళకి పిలిచింది. లేస్తుంటే పెన్సిలు జారింది. తిరిగొచ్చి చూస్తే బాగుందనిపించి చెరపలేదు. మిగతా అక్షరాలకీ మెడ అలాగే వంచాను."

అత్తయ్య దగ్గర వేలు ఆగింది. మగవాళ్ళకీ అత్తయ్య ఉంటుంది కదా. ఇది ఆయనే రాశారనుకుంటే? అయినా అల్లుణ్ణి వేడినీళ్ళకి పిలిచే అత్తగారు ఏ లోకంలో ఉంటుంది? అర్థం చేసుకుంటారులే అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా నేను అనుకుంటున్నదీ అదే, అర్థం చేసుకుంటారులే అని. కింద ఇంకో వాక్యం కలిపాను. "ఇవి గీసింది నేను." దాని కింద నా పేరు రాశాను. వెనక ఇంటిపేరు తగిలించకుండా, ఉత్త నా పేరే. పంపే బటను నొక్కేశాను.

"పంపేశావా?" ముందుగదిలోంచి కేకేశారు మావారు.

"పంపేశానండీ. కింద పేరు కూడా పెట్టాను."

"శభాష్!" అన్నారాయన, ఎవరి పేరో అడక్కుండా.