వర్బాస్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు

నిజాంపేట హాస్టల్లో ఉప్మా తిని, షేర్ ఆటో పట్టుకుని రజిత హైటెక్ సిటీలోని ఆఫీసుకు చేరేసరికి, నాలుగో అంతస్తు లాబీలో రోజూ పది పన్నెండు మంది కూర్చుని ఉండేవాళ్ళు. ఆ పూట ఆమె టైపు చేయబోయే కాగితాల్లోని మనుషులే వాళ్ళు. గొర్రెతోలు టోపీల మగవాళ్ళు, తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు. సెక్యూరిటీ కొమురయ్య అందరికీ విజిటర్ పాస్‌లు రాసిచ్చి మెషిన్ టీ తాగించేవాడు. ఒకాయన రెండు గొర్రెల్ని కూడా వెంటబెట్టుకొస్తే, వాటిని పార్కింగులో కట్టేసి కొమురయ్యే మేనేజరు చేత చీవాట్లు తిన్నాడు పాపం.

ఆ కాగితాలు 1931 నాటి జనాభా లెక్కలవి. అప్పట్లో యుగోస్లావియా అని ఒక రాజ్యం ఉండేది. పాత పేర్లుంటే జనం పాత గొడవలు మానరని అక్కడి రాజుగారు దేశాన్ని తొమ్మిది రాష్ట్రాలు చేసి, దాదాపు అన్నింటికీ నదుల పేర్లు పెట్టాడు. పేరు మారిస్తే మనుషులు మారిపోతారని నమ్మే పెద్దమనుషులకు ఏ దేశంలోనూ కొరత లేదు. అలా పుట్టిన రాష్ట్రాల్లో ఒకటి వర్బాస్. పన్నెండేళ్ళు ఉంది. యుద్ధమొచ్చి రాజ్యం పోయింది, దాంతోపాటే వర్బాసూ పోయింది.

రజిత పని వినడానికి తేలికే. మనిషి పేరు, పుట్టిన ఊరు, ఆ ఊరు ఇప్పుడు ఏ దేశంలో ఉందో టైపు చేయాలి. అదే కాగితాన్ని వైజాగ్‌లో ఇంకెవరో కూడా టైపు చేస్తారు. వాళ్ళెవరో ఈమెకు తెలియదు, ఈమె వాళ్ళకు తెలియదు. రెండూ కలిస్తే ఆ మనిషి లాబీలోంచి లేచి, గాజు తలుపు తోసుకుని నేరుగా తన ఊళ్ళోకి నడిచిపోతాడు. కలవకపోతే ఆ తగువు టీమ్ లీడ్ శ్రీనివాసరావు దగ్గరికి వెళ్తుంది. ఆయన ఊరిని మ్యాపు మీద చూపించి తేల్చాలి. తేల్చేదాకా మనిషి లాబీ దాటలేడు. ఇక అసలు టైపే చేయని కాగితం గడువు తీరగానే చెరిగిపోతుంది, మనిషితో సహా.

గడువు శుక్రవారం సాయంత్రం ఆరు. ఆ మధ్యాహ్నానికి, మూడు రోజులుగా రజిత పక్కన పెడుతూ వచ్చిన రెండే కాగితాలు మిగిలాయి. ఒకటి స్తోయా అనే ఆమెది, రెండోది ఆమె ఆరేళ్ళ కూతురు దారాది.

స్తోయా ఉనా నదికి ఇవతల పుట్టింది. వంతెన దాటి కాపురానికి వెళ్ళింది. దారా అవతలి గట్టున పుట్టింది. వర్బాస్ ఉన్న రోజుల్లో రెండు గట్లూ ఒకటే రాష్ట్రం. ఇప్పుడు ఇవతల బోస్నియా, అవతల క్రొయేషియా. ఉన్నదున్నట్టు టైపు చేస్తే తల్లి ఒక దేశానికీ, పిల్ల ఇంకో దేశానికీ వెళ్ళిపోతారు.

రజిత శ్రీనివాసరావు దగ్గరికి వెళ్ళింది.

"సార్, దేశాల లిస్టుల వర్బాస్ అని ఒక్కటి పెడితే ఏమైతది సార్?"

"లేనిదాన్ని ఎలా పెడతామండీ? క్లయింటు ఒప్పుకోడు."

"చిన్న పోరి సార్."

"చూశానండి. నేనేమన్నా రాయినా?" అన్నాడాయన స్క్రీన్ వైపు తిరిగిపోయి. "పెండింగ్ ఒక్కటి మిగిలినా తర్వాతి ప్రాజెక్టు మనకివ్వరు. ఇరవై మందిమి ఉన్నాం. నా చేతిలో ఏముంది చెప్పండి."

లాబీలో కొమురయ్య స్తోయాకు ధైర్యం చెబుతున్నాడు. ఎవరి భాష వాళ్ళదే అయినా, ఆ లాబీలో అందరి మాటా అందరికీ అర్థమయ్యేది.

"మా ఊరు గూడ గంతే అమ్మా. పండుకునేటప్పుడు కరీంనగర్ జిల్లా, లేచేసరికి సిరిసిల్ల జిల్లా. ఇల్లు మాత్రం ఆడనే ఉంది. ఫికర్ చెయ్యకు."

"మా ఇల్లూ అక్కడే ఉంది," అంది స్తోయా. "వంతెనా అక్కడే ఉంది." అంతలో రజితను చూసి లేచి నిలబడింది. "అమ్మాయీ, మా ఇద్దర్నీ ఒకేచోటికి పంపుతావు కదూ? ఏ గట్టయినా సరే."

దారా తల్లి పావడా అంచు పట్టుకుని, టీ మీది నురగ ఊదుకుంటోంది. రజిత ఏదో పనున్నట్టు సీటుకు వచ్చేసింది.

రెండేళ్ళలో ఆమె ఒక్క తప్పు కూడా కొట్టలేదు. అయిదున్నరకు కొట్టింది. కూతురిది క్రొయేషియా, అది నిజం. తల్లిది కూడా క్రొయేషియా. వైజాగ్‌లోని ఆ మనిషి కూడా సరిగ్గా ఇదే తప్పు చేస్తే చాలు, ఇద్దరూ ఒకే గట్టుకు వెళ్తారు. ఎందుకు చేస్తారు? ఫోన్ చేసి అడగడానికి పేరైనా తెలియదే! చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

పావుగంటకు స్క్రీన్ మీద రెండు కాగితాలూ ఎర్రబడ్డాయి.

"కూతురిది కరెక్టే కొట్టిన సార్," అంది రజిత ఏడుపు ఆపుకుంటూ. "అదెందుకు కలవలే?"

శ్రీనివాసరావు వైజాగ్ నుంచి వచ్చిన జవాబులు తెరిచి చాలాసేపు చూశాడు.

"తల్లిది వాళ్ళు బోస్నియా అనే కొట్టారండి. పిల్లని కూడా బోస్నియాకే రాశారు." ఆయన రజిత వైపు తిరిగాడు. "మీరు తల్లిని పిల్ల దగ్గరికి పంపారు. వాళ్ళు పిల్లని తల్లి దగ్గరికి పంపారు."

టీమంతా లేచి ఆయన కుర్చీ వెనక చేరింది. ఆయన మ్యాపు తెరిచాడు. మ్యాపు అబద్ధం ఒప్పుకోదు. ఇవతలి గట్టున తల్లి ఊరు, అవతలి గట్టున పిల్ల ఊరు. రెండు క్లిక్కులు చాలు, తగువు తీరిపోతుంది, ఇరవై మందికీ పని దొరుకుతుంది. ఆయన మౌస్ మీద చెయ్యి పెట్టాడు. అయిదూ యాభై ఎనిమిది. అయిదూ యాభై తొమ్మిది. చెయ్యి తీసి కళ్ళద్దాలు తుడుచుకోసాగాడు. తుడుస్తుండగానే ఆరయింది, ప్రాజెక్టు మూతపడింది. ఇక ఆ తగువు తీర్చే అధికారం లోకంలో ఎవరికీ లేదు.

రజిత లాబీలోకి వెళ్ళింది.

"ఏ గట్టు?" అని అడిగింది స్తోయా.

"ఏ గట్టూ కాదమ్మా. ఇంటికి పోనియ్యరు. ఇగ ఇక్కడనే. ఎన్నొద్దులో నాకు తెల్వదు, ఎవ్వరికీ తెల్వదు." ఆ మాట అంటూనే రజిత భోరుమంది.

"ఇద్దరమా?"

"ఇద్దరు."

స్తోయా కాసేపు గాజు తలుపు వైపే చూసింది. తర్వాత సోఫాలో కూర్చుని, పిల్ల కాళ్ళు ఒళ్ళోకి లాక్కుంది. ఏ క్షణాన పిలుస్తారో అని మూడు రోజులుగా విప్పకుండా ఉంచిన బూట్ల తాళ్ళు ఒక్కొక్కటే విప్పి, ఆ బూట్లను సోఫా కింద జతగా పెట్టింది.