ఊపిరి వరస

ఓడకు మనసొచ్చిన దగ్గర్నుంచి కింది అంతస్తు గది పొట్టిదవుతోంది. సన్యాసమ్మ కాదన్నప్పుడల్లా ఒక బారెడు. గోడ మీదికొస్తుంది, జనం పిల్లల్నీ చాపల్నీ ఎత్తుకుని జరుగుతారు. ఎవరూ అరవరు. అరిస్తే గాలి దండగ.

చుక్కల మధ్య పోతున్న ఓడ అది. మూసేసిన జూట్ మిల్లు కూలీలందర్నీ కింద కుక్కారు, యజమానుల్ని పైన కూర్చోబెట్టారు. పైన భోజనాల బల్లలున్నాయి. కింద ఒక్క గాలి కుళాయి ఉంది.

"సన్యాసమ్మగారూ," అంటుంది ఓడ తూములోంచి. "గాలి రెండు అంతస్తులకీ చాలదు. ఒకదాన్ని వదిలేయాలి. చాలా మథనపడ్డాను."

"పడి?"

"కింది అంతస్తే అనుకుంటున్నాను. కాని మీరంతా మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. నాకిప్పుడు మనసుంది కదా, పాపం మొయ్యలేను."

"సంపీసేవోడివి సంపీ. మా దీవెన కూడా కావాలేటి నీకు?"

"అంటే, కాదంటున్నారా?"

"కాదు."

గోడ ఇంకో బారెడు ముందుకొస్తుంది.

సన్యాసమ్మ మిల్లులో సమ్మెలు చేసిన మనిషి. జెండా మోసింది, లాఠీ తింది. కొట్టేవాడితో ఆమెకు పేచీ లేదు, తిరిగి కొడుతుంది. కొట్టే ముందు కుశలమడిగేవాణ్ణి చూస్తేనే ఒళ్ళు మంట.

కుళాయి ముందు బిందెలు వరసగా ఉన్నాయి. మిల్లు పేటలో నీళ్ళకు ఇదే పద్ధతి. బిందె పెట్టి పనికి పోవచ్చు, బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఇక్కడ గాలికీ అంతే. కుళాయి కింద బిందె నిండుతుంటే ఎక్కడో మూల పడుకున్న దాని మనిషి పక్కటెముకలు లేస్తాయి. ఒకరి బిందెను జరిపినవాడికి చీపురుదెబ్బలే.

"ఈ బిందెలెవరు?" అంటుంది ఓడ.

"మేవే."

"మనుషులా?"

"వరసలో ఉన్నోడే మనిసి. లేనోడికి వంతు లేదు. నాయమా, కాదా? మనసుంది గదా నీకు, సెప్పు."

ఓడ ఆలోచిస్తుంది. అది ఆలోచిస్తుంటే నేల కాలుతుంది. "న్యాయమే," అంటుంది చివరికి, పళ్ళు కొరుకుతూ.

"మరి పైనోల్ల బిందెలేవి?"

పైన గాలి ఆగిపోతుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు. మేనేజరు విశ్వేశ్వరం దిగుతాడు. ఆయనకు బిందె లేదు, పుట్టి బుద్ధెరిగి ఏ కుళాయి దగ్గరా నిలబడలేదు. అందుకని రెండు చేతులతో తల ఊడదీసి వరస ముందు పెడతాడు. మిగతా ఒళ్ళు భోజనానికి వెళ్ళిపోతుంది.

"ఓలమ్మ! మేనేజరు బాబు ముందునుంచి దూరతన్నాడు, సూడండర్రా!" అని అరుస్తుంది సన్యాసమ్మ వదిన నూకరత్నం.

"నాది అర్జెంటు," అంటుంది తల. "నేనెవరో తెలుసా?"

"తెలీకేటి, ఒట్టి తలకాయివి. ఎనక్కెల్లు." నూకరత్నం చెవులు పట్టుకుని ఎత్తి, తీసుకుపోయి వరస చివర కుదేస్తుంది.

వెనకే మిగతా యజమానుల తలలు మెట్టు మెట్టూ దొర్లుకుంటూ వస్తాయి, కళ్ళజోళ్ళతో, దువ్విన జుట్టుతో. ఒకదాన్నొకటి తిట్టుకుంటూ వరసలో కూర్చుంటాయి.

"మనుషులంతా ఇప్పుడు కిందే ఉన్నారు," అంటుంది ఓడ కక్షగా. "కాని పైన ఒళ్ళున్నాయి. మిమ్మల్ని అడిగాను, వాటినీ అడగాలి. అవి వద్దంటే మీరే పోవాలి."

"అడుగు. నానొద్దన్నానా?"

తలల్లేని ఒళ్ళు బల్లల చుట్టూ కూర్చుని అన్నం ముద్దలు మెడల్లోకి దింపుకుంటున్నాయి. పై అంతస్తును వదిలేయడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి, అంటుంది ఓడ. అన్నీ చేతులెత్తుతాయి, మారు వడ్డించమని.

"ఏకగ్రీవం," అంటుంది ఓడ. దాని గొంతులో ఏడుపుంది, చంపేంత కోపమూ ఉంది. "మిమ్మల్ని ఎప్పటికీ క్షమించను."

"నిన్నెవులడిగినారు? గోడ ఎనక్కి లాగు."

గోడ వెనక్కి పోతుంది. పై అంతస్తు ఊడిపోతుంది. సన్యాసమ్మ కిటికీలోంచి చూస్తుంది. చీకట్లో బల్లలు తేలుతున్నాయి. ఒళ్ళు కుర్చీల్లోంచి లేవలేదు, ఎంగిలి చేతులు ఇంకా ఎత్తే ఉన్నాయి. దగ్గర్లోని చుక్క ఒకటి నడుం వంచి వాటి ఆకుల్లో నిప్పులు వడ్డిస్తూ పోతోంది. అవి కలుపుకుని తింటున్నాయి.